99.2 దగ్గర ఆగిన టొరెంట్

టొరెంట్ అంటే ఒక ఫైలును ముక్కలుగా, వాడేవాళ్లే ఒకరికొకరు పంచుకునే పద్ధతి. వాడినవాళ్లకు ఈ తంతు తెలిసే ఉంటుంది. ఫైలు 99.2 శాతం దాకా వచ్చి ఆగిపోతుంది. పీర్ల (అదే ఫైలు పంచుకుంటున్నవాళ్ల) జాబితాలో ఇరవైమంది ఉంటారు, అందరిదీ 99.2. అందరి దగ్గరా లేనిది అదే ఒక్క ముక్క. అది ఉన్నవాడు ఎప్పుడో విండో మూసేసి వెళ్లిపోయాడు.

తీసుకుని, ఇవ్వకుండా పోయే ఈ జబ్బు పాతదే. 2000లో న్యుటెల్లా అనే ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌ను పరిశీలించిన పరిశోధకులు ఆడార్, హూబర్‌మన్‌లు దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలూ పంచడం లేదని తేల్చారు. అలాంటిదే అయిన కజా, పంచినదాన్ని బట్టి వాడేవాళ్లకు మార్కులు వేసి చూసింది. కానీ ఎవరి మార్కులు వాళ్ల కంప్యూటరే లెక్కకట్టేది. మార్చిన సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలు, ఫుల్ మార్కులు!

2001లో బ్రామ్ కోహెన్ తెచ్చిన బిట్‌టొరెంట్ (టొరెంట్లు నడిచేది దీని మీదే) మార్కుల జోలికే పోలేదు. ఇప్పుడు నాకెవరు వేగంగా ఇస్తున్నారో వాళ్లకే నేనిస్తాను, అంతే. దాదాపు ప్రతి 10 సెకన్లకూ లెక్క చూసుకుని, ఇవ్వనివాడిని పక్కన పెడుతుంది. మరి కొత్తగా వచ్చినవాడి చేతిలో ఇవ్వడానికేముంటుంది? అందుకని 30 సెకన్లకోసారి ఎవరో ఒకరికి ఊరికే ఇచ్చి చూస్తుంది. ఈ చిన్న దయే లేకపోతే కొత్తవాడు గుమ్మంలోనే ఉండిపోతాడు. ఆ ఊరికే ఇచ్చేదాన్నే ఏరుకుని, ఒక్క ముక్కా ఇవ్వకుండా ఫైలంతా దించుకోవచ్చని 2006లో బిట్‌థీఫ్ అనే సాఫ్ట్‌వేర్ చూపించింది, అది వేరే సంగతి.

చిక్కల్లా ఏమిటంటే, ఫైలు పూర్తవగానే ఆ బేరం ముగుస్తుంది. తర్వాత సీడ్ చేస్తే, అంటే పూర్తయిన ఫైలును ఇతరులకు ఇస్తూ ఉంటే, వచ్చేదేమీ లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

అందుకే ప్రైవేట్ ట్రాకర్లు (సభ్యులకే పరిమితమైన టొరెంట్ సైట్లు) రేషియో పెట్టాయి, అంటే దించుకున్నదానికి ఎన్ని రెట్లు ఎక్కించావన్న లెక్క: దించుకున్నంత ఎక్కించాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఒకరి అప్‌లోడే ఇంకొకరి డౌన్‌లోడ్. దించుకున్నది లెక్కలోకి రాని ఫ్రీలీచ్ రాయితీలు పక్కన పెడితే, మొత్తం మీద రేషియో 1 దాటదు. ఒకడి దగ్గర 5 ఉందంటే, ఇంకెవరో 1 కంటే కింద ఉన్నట్టే. పైగా డేటా సెంటర్‌లో సీడ్‌బాక్స్ (టొరెంట్ల కోసమే వాడే వేగమైన సర్వర్) అద్దెకు తీసుకున్నవాడు మొదటి గంటలోనే అంతా ఎక్కించేస్తాడు. అప్‌లోడ్ స్పీడు తక్కువున్న ఇంటి కనెక్షన్‌తో వారాల తరబడి ఫైలు తెరిచి ఉంచినవాడి దగ్గరికి ఎవరూ రారు. అతన్ని లీచర్, అంటే తీసుకోవడమే తప్ప ఇవ్వనివాడు, అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కొన్ని ట్రాకర్లు సీడ్ చేసిన సమయానికి బోనస్ పాయింట్లు ఇస్తున్నాయి. బైట్ల కన్నా అదే మెరుగైన కొలత.

ఆ 99.2 దగ్గర వెళ్లిపోయినవాడి రేషియో 3 అయి ఉండొచ్చు. లెక్క ప్రకారం అతను ఎవరికీ బాకీ లేడు.