సదరం అప్పీలు: ఫైలు బరువుతో పర్సంటేజీ పెరగదు

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో వైకల్యం పర్సంటేజీ తగ్గించేశారని అప్పీలుకు వెళ్లేవాళ్ల సంచి విప్పితే పదేళ్ల మందుల చీటీలుంటాయి, షాపు బిల్లులుంటాయి, అంచులు విరిగిన ఎక్స్‌రేలుంటాయి. మెడికల్ బోర్డు వేసిన అంకె ఎక్కడ తప్పిందో చూపించే కాగితం మాత్రం ఒక్కటీ ఉండదు. చాలా అప్పీళ్లు వీగిపోయేది ఇక్కడే. జబ్బు ఉందా లేదా అన్నది బోర్డు ముందున్న ప్రశ్న కాదు. దానివల్ల శరీరం ఎంత పని చేయడం మానేసిందో మాత్రమే అది కొలుస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రయోజనాలు చాలావరకు 40 శాతం దగ్గర మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000. తెలంగాణలో రూ.4,016. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన పునఃపరిశీలనలో 40 కన్నా తక్కువ తేలినవారికి నోటీసులు వెళ్లాక ఈ అంకె విలువ ఊరూరా తెలిసొచ్చింది.

ముందు ఒక తేడా గమనించాలి. పెన్షన్ ఆపిన నోటీసుకు జవాబివ్వడం వేరు, సర్టిఫికెట్‌లోని పర్సంటేజీని సవాలు చేయడం వేరు. రెండోది చట్టంలోని 59వ సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గర జరగాలి. రాష్ట్ర నిబంధనల్లో పెట్టిన గడువులోగా అప్పీలు వేయాలి. అధికారి ఆ నిబంధనల ప్రకారమే దాన్ని తేల్చాలి. నోటీసులో అంతకన్నా తక్కువ గడువు రాసి ఉంటే పెన్షన్ విషయంలో దాన్నే పాటించడం క్షేమం.

మొదట సంపాదించాల్సింది కొత్త స్కాను కాదు, పాత అసెస్‌మెంట్ షీటు. డాక్టరు ఏ కీలుకు ఎంత వేశారో, ఏ కంటికి ఎంత రాశారో అందులో ఉంటుంది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలపాలని నిబంధనలే చెబుతున్నాయి. ఆ కాగితం చేతికి రాకపోతే రాసి అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. దానికి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది, ఆ రోజులన్నీ మీ అప్పీలు గడువులోంచే పోతాయి. కాబట్టి మొదటి వారంలోనే కదలాలి.

షీటు చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. కాలు, చెయ్యి వైకల్యాల్లో బోర్డు చూసేది కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోంది, కండరాల బలం 0 నుంచి 5 స్కేలులో ఎంత, కాళ్ల పొడవులో తేడా ఎన్ని సెంటీమీటర్లు, నిలబడటం, గొంతుక్కూర్చోవడం, మెట్లెక్కడం వంటి పనులు చేయగలరా అన్నది. ఎంఆర్‌ఐలో డిస్కు జారినట్టు ఉంటే అది కారణం మాత్రమే చెబుతుంది, బలం ఎంత తగ్గిందో చెప్పదు. కాబట్టి ఆర్థోపెడిక్ లేదా ఫిజికల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి వెళ్లి కీలుకీలుకూ గోనియోమీటరుతో (కీలు కదలికను డిగ్రీల్లో కొలిచే సాధనం) కొలిపించి, తేదీతో రాయించుకోవాలి. 'తీవ్రమైన నొప్పితో బాధపడుతున్నారు' అన్న వాక్యానికి ఏ స్కేలులోనూ మార్కులు లేవు.

కంటి విషయంలో జరిగే పొరపాటు వేరు. అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తుందన్నదే లెక్క, అద్దాలు తీసి చేయించిన పరీక్ష రిపోర్టు ఎంత ఘోరంగా ఉన్నా పనికిరాదు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగా కనిపిస్తే మార్గదర్శకాలు ఇచ్చేది 30 శాతమే. ఆ ఒక్క కారణంతో 40 కోసం అప్పీలు చేయడం వృథా. మరోవైపు రెటినైటిస్ పిగ్మెంటోసా, గ్లకోమా లాంటి, చూపు పరిధి కుంచించుకుపోయే కంటి జబ్బులు ఉన్నవాళ్లు అన్యాయంగా నష్టపోతుంటారు. గోడమీది అక్షరాలు బాగానే చదువుతారు, పక్కన ఉన్న మనిషిని మాత్రం చూడలేరు. చూపు పరిధి 10 డిగ్రీలకన్నా తగ్గితే చట్టం దృష్టిలో అది అంధత్వమే. చూపు పరిధిని కొలిచే పెరిమెట్రీ పరీక్ష లేకుండా ఆ సంగతి ఫైల్లోకి రాదు.

వినికిడిలో ఆడియోగ్రామ్ ఒక్కటే పెడితే బోర్డుకు అనుమానం రావచ్చు, ఎందుకంటే బటన్ నొక్కేది పేషెంటే. శబ్దానికి మెదడు స్పందనను యంత్రమే నమోదు చేసే బెరా పరీక్ష దానికి తోడుండాలి. చీము కారుతున్నప్పుడో గులిమి అడ్డుపడినప్పుడో చేసిన పరీక్ష నిలవదు.

మానసిక జబ్బుల్లో వాడే ఐడియాస్ స్కేలు గురించి కాస్త వివరంగా చెప్పాలి. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాటా అవగాహనా, ఉద్యోగం లేదా ఇంటిపని: ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. వీటికి జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి ఇంకో 4 వరకు కలుస్తాయి. రెండేళ్లలోపైతే 1, పదేళ్లు దాటితే 4. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం మొదలవుతుంది. అంటే పన్నెండేళ్ల కిందటి మొదటి ఓపీ చీటీ ఒక్కటే మూడు మార్కుల తేడా తేగలదు. అది ఇంట్లో ఏ పెట్టె అడుగునో ఉంటుంది, వెతకండి. ఇక ఓపీ పుస్తకంలో 'మెరుగ్గా ఉన్నారు' అని డాక్టరు రాసిన మాట చాలామందిని దెబ్బతీస్తుంది. ఆ మెరుగు నిద్రలోనా, పనికి తిరిగి వెళ్లడంలోనా అన్నది ఆయన చేతే స్పష్టంగా రాయించాలి. స్నానానికి ఎవరు లేపుతున్నారు, మందులు ఎవరు వేస్తున్నారు, చివరిసారి జీతం ఎప్పుడొచ్చింది లాంటివి కుటుంబసభ్యులు ఒక పేజీలో రాసిస్తే బోర్డుకు నిజంగా ఉపయోగం.

రెండు వైకల్యాలుండీ ఒకదాన్నే కొలిచిన కేసులున్నాయి. 2018 జనవరి 4 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ఎక్కువ అంకె 'ఎ', తక్కువది 'బి' అయితే, 90లోంచి ఎ తీసి, బితో గుణించి, 90తో భాగించి, ఎకు కలపాలి. కాలికి 30, వినికిడికి 20 ఉంటే మొత్తం 43.3. విడివిడిగా రెండూ 40 దాటవు, కలిస్తే దాటుతాయి. 2024 మార్చిలో సవరించిన మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి అప్పీలు రాసేముందు మీ వైకల్యానికి సంబంధించిన అధ్యాయం తాజా గెజిట్‌లో ఒకసారి చదవాలి.

ప్రైవేటు డాక్టరు చేత '60 శాతం వైకల్యం' అని రాయించుకోవడం ఇప్పటికీ మానలేదు జనం. ఆ అంకెకు చట్టంలో విలువ లేదు, పైగా బోర్డు డాక్టర్లకు చిరాకు. ఆయన చేత కొలతలు రాయించండి, పర్సంటేజీ బోర్డుకు వదిలేయండి. పాత రికార్డుల కోసం 2002 వైద్య మండలి నిబంధనలు గుర్తుంచుకోండి: ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటినుంచి మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటినవి ఆసుపత్రి పారేసి ఉండొచ్చు. అప్పుడు మీ దగ్గరున్న డిశ్చార్జి సమ్మరీయే దిక్కు.

ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఓపీ చీటీలో వెనక, వయసులో నాలుగేళ్ల తేడా ఉంటే ఆ కాగితం మీది కాదనేస్తారు. ఆసుపత్రిలో సరిచేయించి ముద్ర వేయించుకోండి. కాగితాలు తేదీల వరసలో పెట్టి, పైన ఒకే పేజీలో ఏ తేదీన ఏ కొలత ఎంతుందో, షీటులో ఎంత వేశారో పక్కపక్కన రాయండి. రెండు సెట్ల జిరాక్సులు తీయించి, ఒక సెట్టు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. బోర్డు పిలిచిన రోజు ఒరిజినళ్లతోపాటు రోజూ వాడే చేతికర్ర, క్యాలిపర్, కళ్లద్దాలు, వినికిడి యంత్రం వెంట ఉండాలి.