వేలిముద్ర మిషన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వేలిముద్ర మిషన్ గారి దివ్యసముఖానికి, కందుకూరు పక్క పల్లె నుంచి ఓ మేనల్లుడు విన్నవించుకునేది.

నిన్న మధ్యాహ్నం పింఛను పని మీద వచ్చి తమరి ఎర్రలైటు దర్శనం చేసుకున్నాం. మా మేనత్త బొటనవేలు పెట్టింది, కాదన్నారు. చూపుడువేలు పెట్టింది, కాదన్నారు. కొంగుకి తుడిచి పెట్టింది, లైన్లో ఎవరో చెబితే కొబ్బరినూనె రాసి పెట్టింది. తమరు కరగలేదు. "సరిపోలలేదు" అని సెలవిచ్చారు. సరిపోలనిది వేలో, మనిషో మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్లు అన్నీ విడమరిచి చెప్పరు కదా.

అత్త వేళ్ల సంగతి తమరికి తెలిసుండదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి పొగాకు పనే. పచ్చాకు కర్రలకి అల్లడం, ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ కొట్టంలోంచి దించినదాన్ని రంగు చూసి గ్రేడింగ్ చేయడం. ఆ జిగురు చేతికి నల్లగా పట్టేస్తుంది. సాయంత్రం ఇసుకా బూడిదా పెట్టి రుద్దితే గానీ ఆ చేత్తో అన్నం కలుపుకోలేరు. జిగురుతోపాటు గీతలూ పోయాయి. చీమకుర్తిలో గ్రానైట్ పలకలు పాలిష్ పట్టేవాళ్లనీ, నెల్లూరు వైపు రొయ్యలు వలిచేవాళ్లనీ అడగండి, ఇదే కథ చెబుతారు. పని ముట్టని వేళ్లని మాత్రం తమరు చప్పున గుర్తుపడతారు. కాకతాళీయమే అనుకుంటాను.

సరే, ఇంతవరకూ ఓర్చుకున్నాం. కరెంటు పోవడం, సర్వర్ పడుకోవడం, భోజనం టైము అంటూ తలుపేయడం, ఇవన్నీ మాకు అలవాటే. ఓర్చుకోలేనిది ఇంకోటుంది.

తమరిని ముందు పెట్టుకుని కూర్చున్న అబ్బాయి మా వీధివాడు. వాళ్లమ్మ కూలికి పోతే మా అత్త వాకిట్లో పెరిగాడు. వాడు తమరి వంక చూసి, అత్త వంక చూసి, "పెద్దమ్మా, నువ్వేనని నాకు తెలుసు. కానీ మిషన్ ఒప్పుకోవాల గదా" అన్నాడు.

రాత్రంతా నాకు నిద్ర లేదు. తెలుసట. కానీ ఒప్పుకోవాలట.

మన తెలుగాయన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాశాడు. నిజం తెలుసుకోవడానికి న్యాయశాస్త్రం (కోర్టు న్యాయం కాదు, తర్కం) ఒప్పుకున్న దారులు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. అత్తకి ఏది తక్కువైందో చూడండి. ప్రత్యక్షమంటే, ఎదురుగా బల్లకి ఆనుకుని నిలబడింది. చార్వాకులు ఈ ఒక్కదాన్నే నమ్మేవాళ్లు, వాళ్లే ఆఫీసర్లయితే పావుగంటలో ఇంటికొచ్చేవాళ్లం. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, ఆనవాలు చూసి తేల్చుకోవడం: బ్యారన్ గొట్టంలోంచి పొగ వస్తుంటే లోపల పొయ్యి మండుతోందని బయటివాడికి తెలియడం. ఆ ఇంటి కార్డు, ఆ ఇంటిపేరు, ఆ మొహం కలిసి ఒకేచోటికి వస్తే ఆ మనిషి ఎవరో తేల్చుకోవడానికి పెద్ద తర్కమేమీ అక్కర్లేదు. ఉపమానానికి పోలిక కావాలి. కార్డు మీది ఫోటోకీ మనిషికీ పోలిక వెతకడం ఎవరికీ మంచిది కాదు గనక దాన్ని వదిలేద్దాం. ఇక శబ్దం, నమ్మదగినవాళ్ల మాట. లైనంతా "ఆమే" అంది. ఎవరి మాటా తమరి చెవికెక్కలేదు.

మీమాంసకులని ఇంకో దర్శనం వాళ్లు ఇంకో మాటంటారు. కలిగిన జ్ఞానం దానంతటదే ప్రమాణం, తప్పని తేలేదాకా నమ్మవచ్చు అని. నైయాయికులు, అంటే ఆ న్యాయశాస్త్రం వాళ్లు, ఒప్పుకోరు, అది సరైనదని వేరే ఆధారంతో తేలాలంటారు. ఇద్దరూ వందల ఏళ్లు కొట్లాడుకున్నారు. ఆ తగువుని ఈ ఆఫీసులో ఎంత సుళువుగా తీర్చేశారు! నీ దగ్గరికొచ్చేసరికి మీమాంస, అత్త దగ్గరికొచ్చేసరికి న్యాయం. నువ్వు చెబితే సాక్ష్యం అక్కర్లేదు. ఆమె చెబితే ఊరంతా సాక్ష్యమొచ్చినా చాలదు.

మర్యాద తప్పి నువ్వు అనేశాను. పోనీలే, అదే బాగుంది.

లోపల నువ్వు చేసే పనేంటో నాకు తెలుసు. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని గుర్తులు చూసుకుని, పాత ముద్రతో పోల్చి మార్కులేస్తావు. పాస్ మార్కు పెంచితే అసలు మనుషులు ఫెయిలవుతారు, తగ్గిస్తే దొంగలు పాసవుతారు. మధ్యలో ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. అంటే నీ దగ్గరున్నది అంచనా. ఆ అంచనా స్క్రీన్ మీదికి వచ్చేసరికి తీర్పయిపోతుంది. "బహుశా" అనే మాట ఏ వైరులో పోతుందో తెలియదు.

పింఛనుకి వేలిముద్ర కొత్తేమీ కాదు. 1877లో బెంగాల్లోని హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్న విలియం హెర్షెల్, పోయినవాళ్ల పేరు మీద వేరేవాళ్లు డబ్బు తీసుకోకుండా పింఛనుదార్ల వేలిముద్రలు వేయించుకున్నాడు. అప్పట్లో పోల్చి చూసేది మనిషి కళ్లు. సందేహమొస్తే ఆ చూసినవాణ్ణి నిలదీసి అడగొచ్చు.

కాగితం మీద రాస్తేనే నిజమయ్యేవీ కొన్నుంటాయి, కాదనను. మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడు పుట్టిన ఒంగోలు జిల్లాలో కలిసింది, 1972లో దాని పేరు ప్రకాశమైంది, 2022లో మళ్లీ నెల్లూరన్నారు. ఆ తర్వాత కూడా ఫైళ్లు కదులుతూనే ఉన్నాయి. ఊరు గజం కూడా జరగలేదు. జిల్లా మనుషులు పెట్టుకున్న ఏర్పాటు, గెజిట్‌లో ఎలా పడితే అలా. మా అత్తని ఏ గెజిట్‌లోనూ వేసి పుట్టించలేదు. నువ్వు రద్దు చేయడానికి నీకేం హక్కుంది?

నీ కంటే ఆ అబ్బాయి మీదే నాకు కోపం. తెలిసీ తెలియనట్టు కూర్చోవడాన్ని వాడు ఉద్యోగం అనుకుంటున్నాడు. "ఈమెను నేనెరుగుదును" అని రాసి సంతకం పెట్టే గడి ఒక్కటైనా లేదా ఆ ఫారంలో? ఉన్నా వాడు పెడతాడా? పెడితే రేపు ఎవరు అడుగుతారోనని టెన్షన్.

ఆఖరికి ఎడమచేతి ఉంగరపువేలికి పచ్చలైటు వెలిగింది. ఎందుకు వెలిగిందో నీకూ తెలియదు. 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంతో ఫిలాసఫీ వాళ్లందరినీ ఇలాంటి చిక్కులోనే పడేశాడు. నమ్మిన మాట నిజమై, నమ్మడానికి కారణమూ ఉండి, అయినా అది అదృష్టం కొద్దీ నిజమైతే దాన్ని తెలియడం అనవచ్చా అని. నిన్న నీకు తెలిసింది అనడానికి నాకైతే నోరు రాలేదు. అబ్బాయి మాత్రం తెగ సంబరపడ్డాడు.

"వచ్చేసింది పెద్దమ్మా, నువ్వే!"

అత్త కొంగుతో వేలి నూనె తుడుచుకుంటూ, "మరి ఇందాకటి నుంచి ఈడ నిలబడింది ఎవురు అబ్బయా?" అంది.

"సర్వర్ ప్రాబ్లం పెద్దమ్మా" అన్నాడు వాడు.