ఫార్మాట్ కొట్టించే ముందు, ఫైలు ఎందుకు పాడైందో అడగండి

ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే డీఎల్‌ఎల్ ఫైలు ఏదో కనిపించడం లేదనో, ‘బ్యాడ్ ఇమేజ్’ అనో, సిస్టమ్ ఫైళ్లు పాడయ్యాయనో కంప్యూటర్ తెర మీద సందేశం రాగానే మన ఇళ్లలో వినిపించే మొదటి సలహా ‘ఫార్మాట్ కొట్టించేయండి’ అన్నదే, అంటే డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేయించమని. రిపేరు షాపుకు తీసుకువెళ్లినా తరచుగా ఇదే మాట ఎదురవుతుంది. విండోస్ కొత్తగా వేయించిన తర్వాత యంత్రం కొన్నాళ్లు చురుగ్గా పనిచేస్తుంది కాబట్టి సమస్య తీరిపోయిందని నమ్ముతాం. ఆ ఫైలు అసలు ఎందుకు పాడైందని మాత్రం ఎవరూ అడగరు. ఈ అలవాటు వల్ల ఎన్ని కుటుంబాలు పెళ్లి ఫొటోలను, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్ కాపీలను, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలను పోగొట్టుకున్నాయో తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సిస్టమ్ ఫైలు ఊరికే పాడవదు. విస్టా కాలం నుంచి విండోస్ తన ముఖ్యమైన ఫైళ్లను మార్చే అధికారాన్ని ‘ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్’ అనే సేవకు మాత్రమే ఇచ్చింది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ఉన్నవారు కూడా వాటిని సులభంగా తాకలేరు. అంత కాపలా ఉన్నా ఫైలు చెడిందంటే డిస్క్ అరిగిపోతూ ఉండాలి, లేదా కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకశక్తి అయిన ర్యామ్‌లో లోపం ఉండాలి, లేదా అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయి ఉండాలి, లేదా బయటి ప్రోగ్రాం ఏదో కావాలనే ఆ ఫైలును మార్చి ఉండాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లు ఉన్న ఇళ్లలో మూడో కారణం సర్వసాధారణం. డబ్బు కట్టకుండా విండోస్‌ను యాక్టివేట్ చేస్తామనే క్రాక్ ప్రోగ్రాములు నాలుగో కోవకు చెందుతాయి. వాటిని షాపువాళ్లే వేసి ఇచ్చినా సరే, దయచేసి అంగీకరించకండి.

అందరూ మరిచిపోయేది ర్యామ్ సంగతి. డిస్క్ మీదికి వెళ్లే ప్రతి ఫైలూ ముందు ర్యామ్ గుండానే వెళ్లాలి. అక్కడ ఒక్క బిట్ తారుమారైతే తప్పు ఫైలే డిస్క్ మీద భద్రంగా నిలిచిపోతుంది. పరీక్షించిన ప్రతిసారీ వేర్వేరు ఫైళ్లు పాడైనట్టు తేలుతోందంటే నేను ముందుగా అనుమానించేది ర్యామ్‌నే. అటువంటి యంత్రంలో ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తే కొత్త ఫైళ్లు కూడా అదే లోపం గుండా ప్రయాణించి చెడిపోతాయి. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌ను నడపడానికి ఖర్చేమీ లేదు. అందులో ఏమీ తేలకపోయినా అనుమానం మిగిలితే, మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడిపి చూడవచ్చు.

అయితే ఏ పరీక్షకైనా ముందు చేయవలసిన పని మన ఫైళ్లను వేరేచోట దాచుకోవడం. ‘డీ డ్రైవ్‌లో ఉన్నవి పోవు’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్లు మామూలుగా ఉండేది సీ డ్రైవ్‌లోనే. విండోస్ తెరుచుకోకపోతే ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. కొత్త లాప్‌టాప్‌లలో చాలావరకు డిస్క్ తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి, దాన్ని తెరిచే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి ముందే రాసిపెట్టుకోండి. అది లేకపోతే ఆ డిస్క్‌లో ఉన్నది మీకు కూడా అందదు.

ఆ తర్వాత డిస్క్ స్థితి చూడాలి. డిస్క్ లోపాలను వెతికే చెక్‌డిస్క్ కమాండ్‌ను ‘స్లాష్ ఆర్’తో నడపమని చాలామంది వెంటనే చెబుతారు. అది డిస్క్ మొత్తాన్నీ చదివిస్తుంది. అప్పటికే చివరి దశలో ఉన్న హార్డ్‌డిస్క్ ఆ శ్రమకు పూర్తిగా ఆగిపోవచ్చు. అందుకే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు, చూడాలి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (చెడిన, చెడినట్టు అనుమానం ఉన్న భాగాల) సంఖ్య పెరుగుతూ ఉంటే ఇక మరమ్మతు ఆలోచన మాని డిస్క్ మార్చుకోవాలి.

డిస్క్, ర్యామ్ బాగున్నాయని తేలాకే విండోస్ మరమ్మతు. పాడైన సిస్టమ్ ఫైళ్లను వెతికి బాగు చేసే సిస్టమ్ ఫైల్ చెకర్ (ఎస్‌ఎఫ్‌సీ) విండోస్ 98 నాటి నుంచి ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో అది ఇన్‌స్టలేషన్ సీడీ అడిగేది. ఇప్పుడు మంచి ప్రతులను విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే నిల్వ నుంచి తెచ్చుకుంటుంది. ఆ నిల్వే పాడైతే చెకర్ ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఉండదు. అందువల్ల అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు డిజమ్ అనే మరమ్మతు కమాండ్‌ను రిస్టోర్‌హెల్త్ ఆప్షన్‌తో నడిపి నిల్వను బాగు చేయించి, తర్వాతే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ ఇవ్వాలి. డిజమ్ మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచి ఫైళ్లు తెచ్చుకుంటుంది కాబట్టి ఇంటర్నెట్ ఉండాలి. 62.3 శాతం దగ్గర చాలాసేపు కదలనట్టు కనిపించడం తరచూ జరిగేదే. కంగారుపడి ఆ విండోను మూసేయకండి.

ఇక్కడ మైక్రోసాఫ్ట్ మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. కొన్ని ఫైళ్లను బాగు చేయలేకపోయానని చెప్పి చెకర్ చేతులెత్తేసినప్పుడు, వివరాల కోసం సీబీఎస్ లాగ్ అనే నమోదు ఫైలు చూడమంటుంది. వేల వరుసలున్న ఆ లాగ్‌లో చెకర్ రాసిన వరుసలకు ‘ఎస్‌ఆర్’ అనే గుర్తు ఉంటుందని, వాటిని మాత్రమే వెతికి చదివితే చాలని ఇంట్లో కంప్యూటర్ వాడుకునే ఉపాధ్యాయురాలికో, కిరాణా వ్యాపారికో ఎవరు చెబుతారు? ఫలానా ఫైలు పాడైంది, అది ప్రింటర్‌కు సంబంధించినది, మీ ఫొటోలకు ప్రమాదం లేదు అని తెర మీదే సూటిగా చెప్పగల శక్తి ఆ సంస్థకు ఉంది. ఆ సమాచారం లేకపోవడం వల్లనే జనం భయపడి ఫార్మాట్‌కు ఒప్పుకుంటున్నారు. చెకర్ చెప్పేది ప్రతిసారీ నిజం కూడా కాదు: 2019 జూలైలో విండోస్ డిఫెండర్‌కు చెందిన పవర్‌షెల్ ఫైళ్లు బాగానే ఉన్నా పాడైనట్టు చూపింది, మైక్రోసాఫ్ట్ ఆ సంగతిని స్వయంగా అంగీకరించింది. ఆ ఒక్క తప్పుడు హెచ్చరికకు ఎంతమంది తమ యంత్రాలను తుడిచిపెట్టుకున్నారో!

డీఎల్‌ఎల్ ఫైళ్లను విడిగా డౌన్‌లోడ్ చేసుకోమనే వెబ్‌సైట్ల జోలికి, ఒక్క క్లిక్కుతో రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగుల చిట్టాను) శుభ్రం చేస్తామనే ప్రోగ్రాముల జోలికి అసలు పోవద్దు. ఎవరు తయారు చేశారో తెలియని ఫైలును సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడం ఇంటి తాళం దారిన పోయేవారి చేతికి ఇవ్వడమే.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే ఫార్మాట్‌కు ముందు ఇంకో మెట్టు ఉంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి అదే భాష, అదే ఎడిషన్ ఉన్న విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైలు (ఐఎస్‌ఓ) తెచ్చి, నడుస్తున్న విండోస్ లోపలి నుంచే సెటప్ తెరిచి, ఫైళ్లనూ ప్రోగ్రాములనూ ఉంచమని ఎంచుకుంటే విండోస్ తనను తాను మళ్లీ వేసుకుంటుంది. ఇప్పటి విండోస్ 11లో సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీలో ‘రీఇన్‌స్టాల్ నౌ’ అనే బటన్ కూడా ఈ పనే చేస్తుంది. షాపుకు వెళ్లక తప్పకపోతే, డిస్క్ స్మార్ట్ వివరాలు, ర్యామ్ పరీక్ష ఫలితం చూపించమని, డేటా కాపీ చేశాకే యంత్రాన్ని తాకమని ముందే చెప్పండి. ఆ రెండూ చూడకుండా ఫార్మాట్ అంటే యంత్రాన్ని వెనక్కి తెచ్చేసుకోండి. వైరస్ లోతుగా పాతుకుపోయినప్పుడు, కంప్యూటర్‌ను వేరొకరికి అమ్మేటప్పుడు ఫార్మాట్ సబబే. విండోస్ మళ్లీ వేసిన కొద్ది వారాలకే ఫైళ్లు తిరిగి పాడైతే మాత్రం ఇంకోసారి విండోస్ వేయించడానికి డబ్బు కట్టకండి, ఆ డబ్బును కొత్త ర్యామ్‌కో, ఎస్‌ఎస్‌డీకో పెట్టండి.