కణితి నెత్తుటి కాలువలపై గురి

కాలేయ క్యాన్సర్ గడ్డ నెత్తురు తాగి బతుకుతుంది. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. మామూలు కాలేయానికి చేరే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది. గడ్డ మాత్రం హెపాటిక్ ధమని నుంచి సొంతంగా కాలువలు తవ్వుకుంటుంది. సీటీ స్కాన్‌లో కాంట్రాస్ట్ మందు ఎక్కించిన కొద్ది క్షణాలకే అది చుట్టూ ఉన్న కాలేయం కన్నా తెల్లగా మెరిసేది అందుకే. రోగి సొంత రోగనిరోధక కణాలను ఈ కాలువల మీదికి ఉసిగొల్పే చికిత్స టీకా గురించే ఈ మాటలు.

కొత్త రక్తనాళాలు లేకుండా కణితి పెద్దది కాజాలదని అమెరికన్ శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్ 1971లో అన్నప్పుడు పెదవి విరిచినవారే ఎక్కువ. తర్వాత మందులే ఆయన మాట నిలబెట్టాయి. నాళాల ఎదుగుదలను కూడా అడ్డుకునే సొరాఫెనిబ్ మాత్రతో రోగుల మధ్యస్థ ఆయుష్షు 7.9 నుంచి 10.7 నెలలకు పెరిగింది. 2020లో ఆమోదం పొందిన అటెజోలిజుమాబ్ (రోగనిరోధక శక్తికి పడ్డ కళ్లెం విప్పే మందు), బెవాసిజుమాబ్ (కొత్త నాళాలను అడ్డుకునే మందు) జంట దాన్ని 19 నెలల దాకా తీసుకెళ్లింది. నెలల లెక్కే తప్ప ఏళ్ల లెక్క కాదు.

అందుకే రోగనిరోధక కణాల టీకా ఆలోచన మాకు నచ్చింది. రోగి రక్తంలోంచి మోనోసైట్లనే ఒక రకం తెల్లరక్తకణాలను వేరుచేసి, సుమారు వారం రోజులు ప్రయోగశాలలో డెండ్రిటిక్ కణాలుగా పెంచుతారు. కణితి నాళాల గోడల్లో ఎక్కువగా కనిపించే ప్రొటీన్లను వాటికి చూపించి తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. అవి దాడి చేసే రోగనిరోధక కణాలైన టీ కణాలకు శత్రువు ఆనవాలు నేర్పుతాయి. క్యాన్సర్ కణం రోజుకో వేషం కడుతుంది. నాళం గోడలోని కణం అంత తొందరగా మారదు. పైగా అది రక్తం ఒడ్డునే ఉంటుంది, టీ కణం గడ్డను తొలుచుకుని లోపలికి పోనక్కర్లేదు. ఒక్క నాళం మూతపడితే దాని మీద ఆధారపడ్డ కణాలన్నీ పస్తే.

చిక్కల్లా ఈ ఆశ చాలావరకు ఎలుకల మీద పుట్టింది కావడమే. కాలేయ క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి అప్పటికే సిర్రోసిస్, అంటే కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు, ఉంటుంది. దానివల్ల అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఎప్పుడు చిట్లుతాయో తెలియదు. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావమైతే మందు ఆపేయవచ్చు. సుమారు 20 రోజుల్లో ఒంట్లో దాని మోతాదు సగానికి పడిపోతుంది. పాఠం నేర్చి బయల్దేరిన టీ కణాన్ని వెనక్కి పిలిచేదెవరు? గాయం మానడానికీ కొత్త నాళాలే కావాలన్నది మరో సంగతి.

‘టీకా’ అన్న మాట దగ్గరా జాగ్రత్త పడాలి. కాలేయ క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇప్పటికే ఉంది, అది హెపటైటిస్ బి టీకా. 1984లో తైవాన్ పసికందులకు దాన్ని వేయడం మొదలుపెట్టాక అక్కడి పిల్లల్లో ఈ క్యాన్సర్ తగ్గింది. మనం మాట్లాడుతున్నది జబ్బు వచ్చాక చేసే చికిత్స. ఆ తేడా చెప్పకుండా డెండ్రిటిక్ కణాల పేరుతో ఆశను అమ్మేవారిని నియంత్రణ సంస్థలు ఉపేక్షించకూడదు. ఈ కణాలను 1973లో వెలుగులోకి తెచ్చిన రాల్ఫ్ స్టైన్‌మన్ తన పాంక్రియాస్ క్యాన్సర్‌కు తానే వాటిని ప్రయోగించుకున్నారు. 2011లో నోబెల్ ప్రకటనకు మూడు రోజుల ముందు కన్నుమూశారు. అవి ఆయనకు ఎన్నాళ్లు కలిపాయో ఒక్క మనిషి అనుభవాన్ని బట్టి తేల్చలేం.

మనుషులపై ప్రయోగాలు జరగాలి, త్వరగానే జరగాలి. అయితే టీకా ఇచ్చేముందే ప్రతి రోగికీ ఎండోస్కోపీ చేసి ఉబ్బిన సిరలను చూడాలి. సిర్రోసిస్ ముదిరినవారిని తొలి దశలో చేర్చుకోకూడదు. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో చెప్పే పట్టికలోనే ఎంతమందికి రక్తస్రావమైందో కూడా అచ్చువేయాలి.