ఎగువ తూములు, దిగువ మంకీ క్యాప్

ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మేము కొన్న ఇంటికి బేస్‌మెంట్ ఉంది కాబట్టి, తోటి తెలుగువారందరిలాగే నేనూ దాన్ని హోమ్ థియేటర్‌గా మార్చాలని సంకల్పించాను. అడ్డు వచ్చినదల్లా ఒక్క గొట్టం. ఇంటిని వేడిచేసే ఫర్నేసు దగ్గర బయలుదేరి, పైకప్పు దూలాల కింద అడ్డంగా సాగి, మూల గోడలోంచి మేడ మీది పడకగదికి వేడిగాలిని తీసుకుపోయే 8 అంగుళాల రేకు డక్టు అది. నివాసయోగ్యమైన బేస్‌మెంట్ ఎత్తు ఏడడుగులు ఉండాలని నిబంధనల్లో చదివాను. పెట్టె కట్టి మూస్తే ఈ డక్టు దగ్గర ఆరడుగుల పదంగుళాలే మిగులుతుంది. ఆ వాక్యం తరువాతి వాక్యం కూడా చదివి ఉంటే ఈ వ్యాసానికి అవసరం ఉండేది కాదు.

ఎనిమిదంటే రెండు నాలుగులు. ఎక్కాల పుస్తకం మీద నాకున్న నమ్మకంతో 8 అంగుళాల డక్టును ఊడదీసి, బట్టల డ్రయ్యర్లకు వాడే 4 అంగుళాల గొట్టాలు రెండింటిని పక్కపక్కన బిగించాను. దారిలో నీళ్ల పైపు తగిలినచోట ఒక మోచేతి వంపు, కరెంటు పెట్టె తగిలినచోట మరొకటి, ఇలా నాలుగు వంపులు తిప్పాను. అతుకులకు డక్ట్ టేపు చుట్టాను. పేరులోనే డక్ట్ ఉన్న టేపును డక్టులకు వాడకూడదని ఎవరు మాత్రం ఊహిస్తారు? ఆ ఊపులో ఫర్నేసు పక్కనే ప్రధాన గొట్టానికి రెండు రంధ్రాలు చేసి, థియేటర్‌కు 6 అంగుళాల దారులు రెండు ఇచ్చుకున్నాను.

జనవరిలో మా మామయ్యగారు విజయవాడ నుంచి వచ్చి ఆ మేడగదిలో దిగారు. ఆయన కృష్ణా డెల్టా కాలువల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరు. మొదటి రాత్రి శాలువా, రెండో రాత్రి స్వెట్టరు, మూడో ఉదయం మంకీ క్యాప్‌తో దిగివచ్చి, "అల్లుడుగారూ, గదిలో ఈల వినిపిస్తోంది కానీ వేడి రావడం లేదు" అన్నారు. అదే సమయంలో నేను కింద బనియనుతో కూర్చుని, ఉక్కపోతకు విసనకర్ర వెతుక్కుంటున్నాను.

ఆయన బేస్‌మెంట్‌లోకి దిగి, తల పైకెత్తి గొట్టాలను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, కిరాణా రసీదు వెనక లెక్క వేశారు. 8 అంగుళాల వృత్తం వైశాల్యం 50 చదరపు అంగుళాలు. 4 అంగుళాలది పన్నెండున్నర. అంటే వైశాల్యానికే నాలుగు గొట్టాలు కావాలి. సన్న గొట్టంలో గోడల ఒరిపిడి ఎక్కువ కాబట్టి గాలి పారడానికి ఆ నాలుగూ చాలవు, ఐదారు పడతాయి. ఒక్కో వంపు పది పదిహేను అడుగుల తిన్నటి గొట్టమంత అడ్డు పడుతుంది. "ఎగువన రెండు తూములు తవ్వుకుని, దిగువ కాలువను పూడ్చి, పైగా నాలుగు మెలికలు తిప్పారు. మా రోజుల్లో ఇలాంటి రైతు మీద కాలువ చివరనున్న శివారు ఊళ్లన్నీ కలిసి అర్జీ పెట్టేవి" అన్నారు. మేడ మీద ఉన్నా గాలి లెక్కలో ఆయన శివారు రైతని అప్పుడు నాకు బోధపడింది. ఆ మాటకు తాళం వేస్తున్నట్టు, వేడికి జిగురు ఎండిన టేపు ఒకటి ఊడి నా భుజం మీద పడింది.

మెకానిక్ వచ్చి మళ్లీ 8 అంగుళాల డక్టే బిగించి, అతుకులకు మాస్టిక్ అనే జిగురు ముద్ద పూసి, నా రెండు తూములకూ డ్యాంపర్లు, అంటే గాలిని తగ్గించి పెంచే తలుపురేకులు పెట్టాడు. డక్టులూ దూలాలూ ఉన్నచోట ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు ఉంటే చాలునని నేను చదవని ఆ రెండో వాక్యంలో ఉందట. ఇంట్లో అందరికంటే పొడగరినైన నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు.

డ్యాంపర్ల పిడులను చూసిన క్షణం నుంచి మామయ్యగారు తమను తామే కాలువ తూములు ఎత్తి దించే లస్కరుగా నియమించుకున్నారు. పొద్దునా సాయంత్రం దిగివచ్చి, శివారుకు అందిన తరువాతే ఎగువకు వదులుతున్నారు. మొన్న ఆదివారం సినిమా చూడాలని, థియేటర్‌కు కాస్త గాలి విడుదల చేయమని సవినయంగా మనవి చేసుకున్నాను. ఆయన సాంతం విని, తలమీది మంకీ క్యాప్ తీసి నా చేతిలో పెట్టారు.