ప్లాస్టిక్ గడ్డి గారి సముఖానికి
పర్లాకిమిడి, గజపతి జిల్లా

మహారాజశ్రీ ప్లాస్టిక్ గడ్డి గారికి,

తమరు మా కొత్తింటి బాల్కనీలోకి వేంచేసిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే మాట: ఇల్లు ప్రకృతిలో కలిసిపోయిందట! "దీన్ని బయోఫిలిక్ డిజైన్ అంటారంకుల్, అంటే ప్రకృతిని ఇంట్లోకి తెచ్చుకోవడం" అని మా అబ్బాయి పిలిపించిన డిజైనరు నాకు ఓపిగ్గా బోధించాడు కూడా.

పాత పెంకుటింట్లో మండువా ఉండేది. వానొస్తే నాలుగు చూర్ల నీళ్లూ అందులోకి దిగి, తూములోంచి పెరట్లో అరటిపాదుకి పోయేవి. ఎండాకాలం ఇంటి వేడంతా అటునుంచే పైకి పోయేది. మధ్యాహ్నం పిచ్చుకలొచ్చి ఆరబోసిన వడ్లలో వాటా తీసుకునేవి. డిజైనరు దాన్ని ఒక్క చూపు చూసి "వేస్ట్ స్పేస్" అన్నాడు. ఇప్పుడక్కడ హాలు. గోడకి జలపాతం వాల్‌పేపరు, మూలన స్విచ్చేస్తే గలగలలాడే ఫౌంటెను. కరెంటు పోతే మా సెలయేరు ఎండిపోతుంది. కిటికీలకి బిగింపు అద్దాలు. తెరిస్తే ఏసీ చల్లదనం పోతుందని, మహేంద్రతనయ నది మీంచి వచ్చే గాలిని బయటే నిలబెట్టాం.

తమరి గుణగణాలకి వంక పెట్టలేను. నీళ్లడగరు, పురుగు పట్టరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మా పనసచెట్టు కూలిపోయింది. అదే తమరైతే ఓ అంచు లేచేది, గమ్ము రాసి అంటించేసేవాళ్లం. ఎటొచ్చీ వైశాఖంలో మిట్టమధ్యాహ్నం తమరి మీద కాలు పెట్టలేకపోతున్నాం. పచ్చగడ్డి వేళ్లతో తాగిన నీటిని ఆకుల్లోంచి ఆవిరి చేసి చల్లబడుతుంది. తమరు తాగరు కదా, కాలుతారు.

అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో అచ్చువేసిన పరిశోధన గురించి కూడా డిజైనరే చెప్పాడు. ఆపరేషనయిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనపడ్డవాళ్లు ఇటుకగోడ కనపడ్డవాళ్లకన్నా ముందే ఇళ్లకి పోయారట, గట్టి నొప్పిమందులూ తక్కువే వాడారట. నిజమే. కానీ చెట్లకి ఆకులున్న నెలల్లో చేరిన రోగుల్నే ఆయన లెక్కలోకి తీసుకున్నాడు పాపం. తమరి లాంటి ఆకు రాలని మహానుభావులు అప్పుడక్కడ లేకపోయారు! ఉంటే ఏడాది పొడుగునా లెక్క రాసుకునేవాడు.

ఇల్లు కడుతుండగా ఒడియా మేస్త్రి తమర్ని చేత్తో తడిమి, "దీనికి ఆవు మోసపోతుందా బాబూ?" అని అడిగాడు. జవాబు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

చివరగా ఒక మనవి. మా కోడలు తులసికుండీ పెట్టుకుంటానంటే, మట్టికుండీ థీముకి నప్పదన్నాడు డిజైనరు. తమరు ఆ తూర్పు మూల ఓ రెండడుగులు జరగగలరా? కాస్త మట్టి పడుతుంది, తట్టుకోవాలి. వెనకే చీమలూ వస్తాయి. వాటికి ఇది బయోఫిలిక్ ఇల్లనీ, లోపలికి రాకూడదనీ తమరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
మండువాకి బదులు మెట్లకింద మడతమంచం దక్కిన ఇంటి పెద్ద