సవరణ: పాడి పశువుల గురించి రాసిన రెండు మాటలు

పాలు, పెరుగు, నెయ్యి మానేసిన తిరుపతి విద్యార్థుల గురించి గత వారం రాస్తూ, భూమిని వేడెక్కించే హరితగృహ వాయువుల్లో సగానికి పైగా పశుపోషణ నుంచే వెలువడుతున్నాయని పేర్కొన్నాను; అది తప్పు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో కట్టిన లెక్క ప్రకారం, మనుషుల కార్యకలాపాల వల్ల వెలువడే వాటిలో ఆ వాటా 14.5 శాతం. ఆ వాయువుల్లో ఒకటైన మీథేన్ ఆవుల విషయంలో ప్రధానంగా పేడ నుంచి వస్తుందని రాయడమూ పొరపాటే: అందులో ఎక్కువ భాగం తేన్పుల ద్వారానే బయటికి వస్తుంది. అయితే ఆ వాయువు గాలిలో సుమారు 12 ఏళ్లే నిలుస్తుంది కాబట్టి, దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుందన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు.

అంకెల కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది మరొకటి ఉంది. ఆ పిల్లలు చేసినదాన్ని ‘త్యాగం’ అన్నాను; పత్రికల్లోనూ వాళ్ల ఫొటోలే వచ్చాయి (బోర్లించిన పాల గ్లాసు ఫొటోకు బాగానే ఉంటుంది). చిత్తూరు దగ్గర రెండు జెర్సీ ఆవులను మేపుకునే మా పెద్దమ్మ అది చదివించుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పితికి, పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం తగ్గిందని ధర కోసినా మారు మాట్లాడకుండా క్యాను కడుక్కుని తిరిగొచ్చే తనను ఏ లెక్కలో వేశావని అడిగింది. ఇష్టమైన కాఫీని వదులుకోవడం, ఉన్న ఒక్క ఆదాయాన్ని వదులుకోమనడం ఒకటి కాదు. రెండింటికీ ఒకే పదం వాడిన ఆ వాక్యాన్ని తొలగిస్తున్నాను.